చెక్‌పోస్టు దగ్గర దొరకని దొంగ

* క్యాన్సర్‌పైకి ఒంట్లోని సైన్యాన్నే ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ
* కొందరికి ప్రాణదానం... ఎక్కువ మందిలో పనిచేయని వైనం
* మొండి గడ్డలను లొంగదీసేందుకు కొత్త దారులు
* తక్కువ మోతాదుతో ఆశ చూపిన టాటా ఆసుపత్రి

‘ఏదో కొత్త ఇంజెక్షను వచ్చిందంట. కీమోలా జుట్టు ఊడదంట. పొలం అమ్మైనా సరే నాన్నకు వేయిద్దాం...’

క్యాన్సర్ అడుగుపెట్టిన ఇంట ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది. బళ్లారి, హోసూరు వాళ్లు బెంగళూరులోని కిద్వాయ్‌కి పోతారు. చిత్తూరు అంచున ఉన్న తమిళనాడు ఊళ్ల వాళ్లకు వేలూరు సీఎంసీ, చెన్నై అడయారు ఉన్నాయి. షోలాపూర్, భివండి మగ్గాల వాళ్లు ముంబయిలో పరేల్‌కు రైలెక్కుతారు. రాయగడ, కొరాపుట్ వైపు నుంచి విశాఖ దగ్గరి అగనంపూడికి వస్తారు. ఊరు ఏదైనా ఓపీ వరండాలో నాలుగు తెలుగు ముక్కలు వినిపించకపోవు. ఆ వరండాలోనే ఎవరో ఒకరు ఈ ‘కొత్త ఇంజెక్షను’ సంగతి చెవిన వేస్తారు.

దాని అసలు పేరు ఇమ్యూన్ చెక్‌పాయింట్ ఇన్‌హిబిటర్. వాడుకలో ఇమ్యునోథెరపీ. అది గాలి కబురు కాదు. నెలల్లో పోతారనుకున్న వాళ్లు పదేళ్లు బతికిన దాఖలాలు ఉన్నాయి. కానీ అందరికీ పనిచేయదు. చాలా రకాల క్యాన్సర్లలో పనిచేసే వారి కంటే పనిచేయని వారే ఎక్కువ. పనిచేసిన వారిలోనూ కొందరికి కొన్నాళ్లకు గడ్డ మళ్లీ లేస్తుంది. ఎందుకిలా..? దీన్ని దాటే దారి ఉందా..? పొలం బేరం పెట్టక ముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

కాగితాలు చూపించు... గేటు దాటు!

సరిహద్దు ఊళ్ల వారికి చెక్‌పోస్టు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 2017లో జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా రాత్రంతా లారీలు బారులు తీరి ఉండేవి. కాగితాలు సరిగ్గా ఉంటే గేటు లేస్తుంది. లేదంటే బండి పక్కకు.

మన ఒంట్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. తెల్లరక్త కణాల్లో ‘టి కణాలు’ అనే రకం కాపలా పోలీసుల పని చేస్తాయి. ఒంట్లోని కణాలు తమ లోపల తయారయ్యే ప్రొటీన్ల ముక్కలను పైకి తెచ్చి, నంబరు ప్లేటులా తగిలించుకుంటాయి. టి కణం వచ్చి ప్లేటు తడిమి చూస్తుంది. మామూలుగా ఉంటే వదిలేస్తుంది. వైరస్ చొరబడినా, జన్యువులు చెడినా ప్లేటులో తేడా వస్తుంది. అప్పుడు ఆ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది.

అయితే పోలీసులకు మరీ స్వేచ్ఛ ఇచ్చినా కష్టమే. సొంత మనుషుల మీదే చేయి చేసుకుంటారు. కీళ్లవాతం, సొరియాసిస్ లాంటి జబ్బులు అలా వచ్చేవే. అందుకే టి కణాలను అదుపులో పెట్టే కొన్ని మీటలు ఒంట్లో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది సీటీఎల్ఏ-4. టి కణాలు ఆదేశాలు అందుకునే లింఫు గ్రంథుల దగ్గరే ఇది వాటిని నెమ్మదింపజేస్తుంది. రెండోది పీడీ-1. ఇది ఎక్కువగా రంగంలోకి దిగిన చోట పనిచేస్తుంది.

క్యాన్సర్ కణం జిత్తులమారి. ఈ రెండో మీట ఎక్కడుందో దానికి తెలుసు. పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను ఒంటినిండా పూసుకుని తిరుగుతుంది. ‘నేను మీవాడినే, వదిలెయ్’ అని చెప్పే దొంగ పర్మిట్ లాంటిది అది. ఆ పర్మిట్ చూడగానే టి కణం చేతులు దించేస్తుంది. దొంగ దర్జాగా గేటు దాటిపోతాడు.

ఇప్పటి మందులు చేసే పని ఒక్కటే. ఆ పర్మిట్ పోలీసు కంట పడకుండా అడ్డు పెడతాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ పీడీ-1 మీద కూర్చుంటాయి. అటెజోలిజుమాబ్, డుర్వాలుమాబ్ పీడీ-ఎల్1 మీద కూర్చుంటాయి. కీమో మందు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపుతుంది. ఈ మందు అలా చంపదు. చంపే పనిని మన టి కణాలకే అప్పగిస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది, అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది.

క్రిస్మస్ సెలవుల్లో తేలిన ఫలితం

ఒంటి రక్షణ శక్తితోనే క్యాన్సర్‌ను కొట్టాలన్న ఆలోచన పాతదే. న్యూయార్క్ శస్త్రవైద్యుడు విలియం కోలీ 1890ల్లోనే గడ్డల్లోకి సూక్ష్మజీవులను ఎక్కించి చూశారు. కొన్ని గడ్డలు కరిగాయి. ఎందుకు కరిగాయో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

జపాన్‌లోని క్యోటోలో తసుకు హొంజో బృందం 1992లో పీడీ-1ను కనుగొంది. ఇటు అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సీటీఎల్ఏ-4 వెంట పడ్డారు. టెక్సాస్‌లోని చిన్న ఊరు ఆయనది. పసివయసులోనే తల్లిని క్యాన్సర్ పొట్టన పెట్టుకుంది. 1994 చివర్లో క్యాన్సర్ ఉన్న ఎలుకలకు సీటీఎల్ఏ-4ను అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. గడ్డలు మాయమయ్యాయి. నమ్మబుద్ధి కాక క్రిస్మస్ సెలవుల్లో మళ్లీ చేశారు. మళ్లీ అదే ఫలితం. అయినా మందుల కంపెనీలు పెద్దగా పట్టించుకోలేదు.

మనుషులకు ఇచ్చే మందుగా అది బయటికి రావడానికి 2011 దాకా పట్టింది. ఆ ఏడాది మార్చిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఇపిలిముమాబ్‌కు అమెరికా అనుమతి దొరికింది. 2014లో పీడీ-1 మందులు వచ్చాయి. ఆలిసన్, హొంజోలకు 2018లో నోబెల్ బహుమతి దక్కింది. హార్మోనికా వాయించే ఆలిసన్ తోటి శాస్త్రవేత్తలతో కలిసి నడిపే పాటల బృందం పేరేమిటో తెలుసా..? ‘ది చెక్‌పాయింట్స్’!

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా మెదడుకు పాకింది. అప్పటికి ఆయన వయసు 90. శస్త్రచికిత్స, రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరుకల్లా గడ్డల జాడ లేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికి, నూరేళ్లు నిండాక 2024 డిసెంబరు 29న కన్నుమూశారు.

ఒక్క కార్టరే కాదు. ముదిరిన మెలనోమాకు రెండు మందులూ కలిపి ఇచ్చిన వారిలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నట్లు 2024లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. ఈ మందులు రాక ముందు ఆ దశలో ఏడాది గడవడమే గగనం. ఇంకోవైపు నుంచి చూస్తే... మిగిలిన 57 శాతం మంది మాటేమిటి?

గేటు ఎత్తినా దొంగ దొరకడేం?

ఈ ప్రశ్నతో ఏళ్లుగా కుస్తీ పడుతున్న వారిలో పద్మణీ శర్మ ఒకరు. గయానాలో పుట్టిన భారత మూలాల వైద్యురాలు. ఆలిసన్ భార్య, పరిశోధనలో ఆయనకు జోడీ కూడా. మందుకు లొంగకపోవడంలో రకాలు ఉన్నాయని ఈ రంగంలోని వాళ్లు చెబుతారు. మొదటి నుంచీ పనిచేయకపోవడం ఒకటి. బాగా పనిచేసి తర్వాత చతికిలబడటం మరొకటి. కారణాలు ప్రధానంగా ఇవీ...

పోలీసులే లేరు: కొన్ని గడ్డల లోపలికి టి కణాలు అసలు చేరనే చేరవు. వైద్యుల భాషలో ఇవి ‘చల్లని’ గడ్డలు. పోలీసే లేని చోట పర్మిట్‌ను దాచి ఏం లాభం? క్లోమ క్యాన్సర్‌లో ఈ మందులు చాలామందికి పనిచేయకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ప్లేటులో తేడా కనబడదు: జన్యు మార్పులు తక్కువగా ఉన్న క్యాన్సర్ కణం మామూలు కణంలాగే కనిపిస్తుంది. అదే జన్యు తప్పులను దిద్దే యంత్రాంగం చెడిన గడ్డల్లో తేడాలు వందలు, వేలల్లో ఉంటాయి. పోలీసు ఇట్టే పసిగడతాడు. పొగ తాగేవారి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎండ దెబ్బకు వచ్చే మెలనోమా ఈ మందులకు కాస్త బాగా లొంగడానికీ ఇదే కారణం.

ప్లేటే పీకేశారు: నంబరు ప్లేటును కణం మీద నిలబెట్టే బోల్టు లాంటి ప్రొటీన్ ఒకటుంది. పేరు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. క్యాన్సర్ కణం దాన్ని పోగొట్టుకుంటే ప్లేటు నిలవదు. టి కణానికి పట్టుకునే ఆధారమే ఉండదు.

వైర్‌లెస్ పలకదు: టి కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనంతో దాడి చేస్తాయి. దాన్ని అందుకునే జాక్ జన్యువులు చెడితే క్యాన్సర్ కణానికి ఆ దెబ్బ తగలదు.

ఇంకో గేటు: పీడీ-1ను మూసేస్తే లాగ్-3, టిమ్-3 లాంటి వేరే మీటలు పైకొస్తాయి. చాలాకాలం పోరాడిన టి కణాలు అలసిపోవడమూ ఉంది.

ఇవి ఊహలు కావు. లాస్ ఏంజెలెస్‌లో ఆంటోని రీబస్ బృందం మెలనోమా రోగులు నలుగురిని పరిశీలించింది. పెంబ్రోలిజుమాబ్‌తో బాగుపడి, చాలాకాలం తర్వాత మళ్లీ జబ్బు తిరగబెట్టిన వాళ్లు వాళ్లు. ముందటి గడ్డనూ తర్వాతి గడ్డనూ పక్కపక్కన పెట్టి జన్యువులు చదివారు. ఇద్దరిలో జాక్ జన్యువులు చెడిపోయాయి. ఒకరిలో ప్లేటు బోల్టు పోయింది. నాలుగో వ్యక్తిలో కారణం దొరకలేదు. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాక పరిశోధనల దిశే మారింది. ‘మందు ఫెయిలయింది’ అని చేతులు దులుపుకోవడం పోయి, ‘ఏ గేటు దగ్గర ఫెయిలయింది’ అని వెతకడం మొదలైంది.

మొండి గడ్డకు మందేమిటి?

ఒకటి... జోడించి కొట్టడం. కీమోతో కొన్ని క్యాన్సర్ కణాలు పగిలి వాటి ముక్కలు బయటపడతాయి. టి కణాలకు ఆనవాలు చిక్కుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమోకు పెంబ్రోలిజుమాబ్ కలిపితే రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నట్లు 2018లో తేలింది. అప్పటి నుంచి ఆ జోడీ చాలాచోట్ల మామూలైపోయింది.

రెండు... రెండో గేటునూ మూయడం. లాగ్-3ను అడ్డుకునే రెలాట్లిమాబ్‌ను నివోలుమాబ్‌తో కలిపి వాడేందుకు 2022 మార్చిలో అమెరికా అనుమతించింది. అయితే అన్ని గేట్లూ ఇలా కలిసిరాలేదు. ఐడీఓ అనే ఎంజైమును అడ్డుకునే మందు 2018లో పెద్ద పరీక్షలో బోల్తా పడింది. టిజిట్ అనే మీటపై పెట్టుకున్న ఆశలూ 2022-24 మధ్య ఒక్కొక్కటిగా అడుగంటాయి. ఎలుకలో నెగ్గినంత మాత్రాన మనిషిలో నెగ్గాలని లేదని మరోసారి రుజువైంది.

మూడు... వేళ మార్చడం. గడ్డను కోసేశాక ఇచ్చే కంటే, కోయక ముందే మందు మొదలుపెడితే? గడ్డ ఉన్నప్పుడే టి కణాలు దాని ఆనవాళ్లన్నీ నేర్చుకుంటాయి. మెలనోమాలో ఇలా చేసినప్పుడు రెండేళ్ల నాటికి జబ్బు తిరగబెట్టడం లాంటి కష్టాలు లేనివారు 72 శాతం. కోశాకే ఇస్తే 49 శాతం. 2023లో వచ్చిన ఫలితమిది. తల, మెడ క్యాన్సర్లకూ ఆపరేషన్‌కు ముందు, తర్వాత పెంబ్రోలిజుమాబ్ ఇచ్చే పద్ధతికి 2025 జూన్‌లో అమెరికా అనుమతి వచ్చింది.

నాలుగు... పోలీసులను బయట పెంచి పంపడం. గడ్డలోంచి టి కణాలను తీసి, ప్రయోగశాలలో కోట్లకొద్దీ పెంచి, తిరిగి ఎక్కిస్తారు. పీడీ-1 మందుకు లొంగని మెలనోమాకు ఇలాంటి చికిత్స 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి పొందింది. రోగి గడ్డలోని తేడాలను బట్టి ఒక్కొక్కరికి వేరుగా తయారుచేసే ఎంఆర్ఎన్ఏ టీకా కూడా ఈ కోవదే. 2023లో దానిపై మూడో దశ పరీక్షలు మొదలయ్యాయి.

అయిదు... కడుపులోంచి దారి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మన పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఈ మందు పనితీరుకూ లంకె ఉంది. మందుతో బాగుపడిన వారి మలంలోని సూక్ష్మజీవులను మందు పనిచేయని మెలనోమా రోగుల పేగుల్లోకి పంపి, మళ్లీ అదే మందు ఇచ్చారు. పిట్స్‌బర్గ్‌లో 15 మందిలో ఆరుగురికి, ఇజ్రాయెల్‌లో 10 మందిలో ముగ్గురికి మేలు కనిపించింది. 2021లో వచ్చిన ఈ రెండు ఫలితాలూ చిన్నవే. ఇంకా అందరికీ చేసే చికిత్స కాదు. కానీ మొండి గడ్డ ఎప్పటికీ మొండి గడ్డే కానక్కర్లేదని చూపించాయి.

పరేల్‌లో ఇరవై మిల్లీగ్రాములు

జన్యువుల మొండితనం సరే. మన దగ్గర అంతకంటే పెద్ద మొండితనం ధరది. ఒక్కో విడతకు లక్షల్లో ఖర్చు. అదీ ఒకసారితో పోదు. రెండు, మూడు వారాలకోసారి నెలల తరబడి ఎక్కించాలి. పేద, మధ్యతరగతి దేశాల్లో ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు ఆమోదం పొందిన ఈ తరహా చికిత్సలు అందేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికే. గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట... ఇవి వదలని ఊళ్లలో నోటి క్యాన్సరే ఎక్కువ. షోలాపూర్ బీడీ గడపలైనా, చుట్టను అడ్డపొగ తాగే శ్రీకాకుళం తీరమైనా ఈ జబ్బు ముఖం ఎరిగినవే.

పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం వేసిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. నిజంగా అంత మందు కావాలా? నివోలుమాబ్ చాలా తక్కువ మోతాదులోనే టి కణాల మీది పీడీ-1ను దాదాపుగా కప్పేస్తుందని తొలి పరీక్షల్లోనే కనిపించింది. మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. వీళ్లు మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఆరు వారాలకు లెక్క కడితే అక్కడ 720, ఇక్కడ 40. అంటే పద్దెనిమిదో వంతు!

శస్త్రచికిత్సకు అందని దశలో ఉన్న 151 మంది తల, మెడ క్యాన్సర్ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు. రెండో జట్టుకు అవే మాత్రలతో పాటు ఈ చిన్న మోతాదు నివోలుమాబ్. ఏడాది తర్వాత చూస్తే... మాత్రల జట్టులో 16.3 శాతం మంది బతికి ఉంటే, నివోలుమాబ్ కలిపిన జట్టులో 43.4 శాతం మంది బతికి ఉన్నారు. సగటు రోగి ఆయువు 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. తీవ్రమైన దుష్ఫలితాలు పెరగలేదు. 2022 చివర్లో ప్రచురితమైన ఈ ఫలితం ప్రపంచం దృష్టినే ఆకర్షించింది.

ఇక్కడ ఒక మెలిక మరచిపోకూడదు. చిన్న మోతాదును పెద్ద మోతాదుతో పోల్చి చూసిన పరీక్ష కాదిది. అసలు ఇవ్వకపోవడంతో పోల్చింది. కాబట్టి రెండూ సమానమని దీన్నిబట్టి చెప్పలేం. అన్ని క్యాన్సర్లకూ ఇదే లెక్క వర్తిస్తుందనీ చెప్పలేం. కానీ ఏమీ అందని వారికి ఈ కొంచెం అందినా బతుకు పొడుగవుతుందని మాత్రం రుజువైంది.

ధరల వైపూ కొంత కదలిక ఉంది. 2024 జులై బడ్జెట్‌లో డుర్వాలుమాబ్ సహా మూడు క్యాన్సర్ మందులకు కేంద్రం కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ టోరిపాలిమాబ్ అనే పీడీ-1 మందును 2024 నవంబరులో దేశంలోకి తెచ్చింది. ముక్కు వెనుక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్‌కు దాన్ని వాడతారు.

పోలీసు తిరగబడితే..?

కీమో అంత బాధ ఉండదన్న మాట చాలామంది విషయంలో నిజమే. అలాగని ఇది నీళ్ల ఇంజెక్షను కాదు. అదుపు తప్పిన టి కణాలు ఒంటి మీదికే తిరగబడొచ్చు. థైరాయిడ్ దెబ్బతినొచ్చు. ఆగని విరేచనాలు, కొత్తగా దగ్గు-ఆయాసం, కామెర్లు, ఒంటినిండా దద్దుర్లు... ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. అరుదుగా గుండె కండరానికీ వాపు రావచ్చు. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు. ఊళ్లోని డాక్టరుకు ‘ఇమ్యునోథెరపీ తీసుకున్నాం’ అని ముందే చెప్పాలి. విరేచనాలకు మామూలు మాత్ర రాసి పంపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకో జాగ్రత్త. నీరసంగా ఉందని సొంతంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లు వాడటం మన ఊళ్లలో అలవాటు. చికిత్స మొదలయ్యే ముందు ఇవి వాడిన వారిలో ఇమ్యునోథెరపీ ఫలితం తగ్గినట్లు అధ్యయనాల్లో కనిపించింది. దుష్ఫలితం వచ్చినప్పుడు ఆసుపత్రి వాళ్లు ఇచ్చే స్టెరాయిడ్ వేరు, అది అవసరం. పీచు బాగా ఉండే తిండి మంచిదేనని 2021లో మెలనోమా రోగులపై చేసిన అధ్యయనం సూచించింది. కొట్లో కొనే ప్రోబయాటిక్ గుళికలతో మాత్రం మేలు కనిపించలేదు.

---------------------------------

పొలం అమ్మే ముందు అడగండి

* మా వాళ్ల గడ్డకు పీడీ-ఎల్1, ఎంఎస్ఐ లేదా ఎంఎంఆర్ పరీక్షలు చేశారా? ఏం వచ్చింది? (ఎంఎస్ఐ ఎక్కువగా ఉన్న గడ్డ ఏ అవయవంలో ఉన్నా ఈ మందు పనిచేసే అవకాశం ఎక్కువ. 2017 మేలో అమెరికా ఈ లెక్కనే అనుమతి ఇచ్చింది. 2022లో న్యూయార్క్‌లో ఇలాంటి పురీషనాళ క్యాన్సర్ ఉన్న 12 మందికి ఒక్క డోస్టార్లిమాబ్‌తోనే, ఆపరేషన్ లేకుండానే గడ్డ జాడ లేకుండా పోయింది.)

* ఈ రకం క్యాన్సర్‌లో, ఈ దశలో నూటికి ఎంతమందికి పనిచేస్తుంది?

* పనిచేస్తోందా లేదా అని ఎన్ని విడతల తర్వాత స్కానింగ్‌లో తెలుస్తుంది? లేదని తేలితే ఎప్పుడు ఆపుతారు?

* తక్కువ మోతాదు పద్ధతి మా వాళ్లకు కుదురుతుందా? ఆసుపత్రిలో ఏదైనా క్లినికల్ ట్రయల్ నడుస్తోందా?

* కంపెనీ సాయం పథకం ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఆయా రాష్ట్రాల వారికే. సరిహద్దు ఇవతలి వారికి ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అయితే ఏ మందు ప్యాకేజీలో ఉందో ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్తను అడిగి రాయించుకోవాలి.

---------------------------------

పెద్ద ఆసుపత్రిలో హిందీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో నాలుగు మాటలు చెబితే తలూపి వచ్చేయడం చాలామంది చేసే పని. అర్థం కాకపోతే మళ్లీ అడగడంలో తప్పులేదు. పరీక్ష కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, వీలైతే ఆ భాష వచ్చిన మనిషిని తోడు తీసుకెళ్లాలి. ఈ మందు పనిచేసే గడ్డకు ఇది నిజంగా ప్రాణం పోస్తుంది. పనిచేయని గడ్డకు ఎకరాలు పోసినా కరగదు. ఆ తేడా కొంతవరకైనా ముందే చెప్పగల పరీక్షలు ఇప్పుడున్నాయి. అందుకే పరీక్ష ముందు... పొలం బేరం తర్వాత.